ముప్ఫై ఏడో నంబరు వీపు

నాలుగేళ్లలో వాడి మొహం నేను సరిగా చూసింది
లెక్కపెడితే ఇరవై సార్లేమో.
వీపు మాత్రం కంఠతా వచ్చు.

సెంటర్ ఫీల్డ్ గోడలోనే నా గది.
తగరపు అంకెలు, కాలు విరిగిన స్టూలు,
జూలైలో పెనంలా కాలే పైకప్పు.
మొక్కజొన్న డబ్బాల ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు దిగి
సాయంత్రాలు స్కోరుబోర్డు మీద అంకెలు తగిలించేదాన్ని.
ఆటకి నాలుగు డాలర్లు. సోడా ఊరికే.

ఎల్పీడియో సువేరో వచ్చేనాటికి వాడికి పంతొమ్మిది.
చొక్కా వాడికంటే పెద్దది.
పరుగెత్తుతుంటే ముందు ముప్ఫై ఏడు మలుపు తిరిగేది,
ఆ తర్వాత మనిషి.

మా జట్టు పేరు హెరన్స్, కొంగలు.
నది ఒడ్డు ఊరు కదా అని ఎవరో పెట్టారు.
మిగతా ఎనిమిది మందీ కాకుల్లా అరిచేవాళ్లు.
వీడొక్కడే నిజమైన కొంగజపం:
మోకాళ్ల మీద చేతులు, కదలని మెడ,
కర్రకి బంతి తగలకముందే
ఎడమ మడమ మాత్రం గడ్డిలోంచి కాస్త లేచి.

మొదటి వేసవంతా బంతి తప్ప లోకం లేదు వాడికి.
గోడ అనేదొకటుందని మరిచి
రెండుసార్లు నా గదిలోకే వచ్చెయ్యబోయాడు.
రెండోసారి మూడో ఇన్నింగ్స్ సున్నా ఊడి
నా పాదం మీద పడింది.
పలకల సందులోంచి "పెర్దోన్, దోన్యా" అన్నాడు,
పెదవి చిట్లి, బంతి చేతిలోనే ఉండి.

వాళ్ల నాన్న బనీ దగ్గర ఉప్పు మడుల్లో కూలి.
తెల్లటి ఉప్పు మీద తెల్లటి ఎండ.
కళ్లు చికిలించడం వాడికి నడక కంటే ముందొచ్చింది.
అందుకే ఆదివారం మిట్టమధ్యాహ్నం
బంతి సూర్యుడిలో దూరినా వెతికి తెచ్చేవాడు.
మా అయోవా మునిమాపే వాడికి పడలేదు.
దీపాలు వేసే క్లెమ్ హావర్‌క్యాంప్ పిసినారి.
ఆకాశం వంకాయ రంగుకి తిరిగే ఆ పావుగంట
స్విచ్చు మీద చెయ్యి పెట్టుకు కూర్చునేవాడు.

రెండో వేసవిలో అలాంటి పావుగంటలోనే
చేతిలో పడాల్సిన బంతి వాడి వెనక పడింది.
ఇద్దరు ఇంటికి చేరారు. ఆట పోయింది.
తప్పుల గడిలో నేను ఒకటి పెట్టాలి.
రేకు పట్టుకుని నిలబడ్డాను, ఎంతసేపో.
వాడు తిరిగి చూడలేదు.
చూపుడువేలొక్కటి పైకెత్తాడు,
పెట్టెయ్ అన్నట్టు.
పెట్టాను.

మర్నాడు ఆట లేదు. అంకెలకి రంగు వేద్దామని వెళ్లాను.
చీకటి పడుతున్న మైదానంలో
కోచ్ వాండర్‌వోర్ట్ బంతులు కొడుతున్నాడు.
వాడు గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు,
అంటే నా వైపు.
వినేవాడు.
ఠక్ మంటే తల మీదుగా దూరం,
టప్ మంటే ముందుకి,
పచ్చి కట్టె విరిగినట్టుంటే కుడికి, నాలుగు అంగలు.
చప్పుడు విన్నాకే తిరిగేవాడు.
ఆ ఇరవై సార్లూ ఇవే:
గడ్డం కింద చెమట, మూసిన రెప్పలు,
వంటింట్లో పాలు పొంగే శబ్దం కోసం
చెవి ఒగ్గిన మనిషిలా.

మూడో వేసవి గురించి చెప్పడానికేం లేదు.
తప్పుల గడిలో ఆ రేకుతో నాకు పనే పడలేదు.
వేరుశెనగ పొట్టు నా కిటికీలోకి ఊదేవాడు.
చలికాలంలో వాళ్లమ్మ పంపిన ఉప్పు
సిగరెట్ పెట్టెలో పోసిచ్చాడు.
అందులో సన్నగా ఇసక తగిలేది. అయినా వాడాను.

నాలుగో ఏడు చొక్కా సరిపోయింది.

ఆగస్టు. ఆరో ఇన్నింగ్స్ మధ్యలో
డగౌట్ నుంచి ఎవరో చెయ్యి ఊపారు.
పైజట్టుకి పిలుపట. బస్సు తొమ్మిదింటికట.
వాడు చేతితొడుగు తీసి చంకలో పెట్టుకుని
రెండో బేస్ దాకా నడిచాడు, తర్వాత పరుగెత్తాడు.
వీపే కనపడింది, ఎప్పట్లాగే,
కాకపోతే చిన్నదవుతూ.

నిలబడి నిలబడి వాడు అరగదీసిన చోట
కంచమంత బోడి నేల.
కొత్త కుర్రాడు దానికి మూడడుగులు ఎడమగా నిలబడ్డాడు.
చెబుదామనుకున్నాను.
ఇంతలో వాళ్లు రెండు పరుగులు చేశారు,
రెండు అంకె కోసం పెట్టెలో వెతుక్కోవాల్సి వచ్చింది.